బర్లు ఇంటికొచ్చే యాళ్ల

మా పాము కాటు అధ్యయనానికి వివరాలు రాసుకునే ఫారంలో, అంటే ప్రొఫార్మాలో, ఏడో ప్రశ్న చాలా చిన్నది. "పాము కరిచిన సమయం" అని రాసి, పక్కన గంటలకు ఒక గడి, నిమిషాలకు ఒక గడి. ఆ రెండు గళ్లు సరిగ్గా నింపడం నేర్చుకోవడానికి నాకు ఒక వానాకాలం మొత్తం పట్టింది. నేర్పింది ఒక రిటైర్డ్ ప్రొఫెసర్. తన పేరు రాయొద్దన్నారు కాబట్టి ఇక్కడ కూడా సార్ అనే రాస్తాను.

నేను జనరల్ మెడిసిన్ చదివి వరంగల్‌లో పనిచేస్తున్నాను. మాది పరకాల దగ్గర పల్లె. తొలకరి పడి పత్తి గింజలు పెట్టడం మొదలైందంటే మా వార్డులో పాము కాట్లు మొదలవుతాయి. నాట్లు, కలుపులు, రాత్రిపూట మోటర్ల దగ్గరికి పోవడాలు, అన్నీ అయ్యేదాకా ఆగవు. నర్సంపేట, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి వైపుల నుంచి వస్తారు. ఏటూరునాగారం నుంచి అయితే వంద కిలోమీటర్లకు అటూ ఇటూ ప్రయాణం. అందరూ నేరుగా రారు. మంత్రం వేసే ఆయన దగ్గర కొంతసేపు, పసరు పోసే ఆయన దగ్గర కొంతసేపు, ఆర్‌ఎంపీ దగ్గర ఒక సెలైన్ బాటిల్ ఎక్కేదాకా ఇంకొంతసేపు. నేను తెలుసుకోవాలనుకున్నది ఇదే. కరిచినప్పటి నుంచి పాము విషానికి విరుగుడైన ఏఎస్‌వీ మొదటి ఇంజెక్షన్ పడేదాకా ఎంత సమయం పోతోంది, అది ఏ మలుపు దగ్గర పోతోంది?

ఇది తెలియడం ఎందుకు ముఖ్యమో వార్డులో ఒక్క రాత్రి గడిపితే అర్థమవుతుంది. ఏఎస్‌వీ రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకోగలదు గానీ, కట్లపాము విషం నరాల చివర్లను ఒకసారి దెబ్బతీశాక ఆ దెబ్బను వెనక్కి తీసుకోలేదు. అప్పుడిక వెంటిలేటర్ మీద పెట్టి, నరాలు వాటంతటవి కోలుకునేదాకా కాపాడుకోవాలి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది అని, 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాము కాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది 2017లో. మా ఊళ్లో జనానికి ఆ జాబితా సంగతి తెలియదు, చనిపోయినవాళ్ల పేర్లు మాత్రం వరసగా చెప్తారు.

మొదటి 40 ఫారాలు నింపుకొని నక్కలగుట్టలో సార్ ఇంటికి పోయాను. ఒక సీనియర్ మేడం పంపారు, "ఆయన కమ్యూనిటీ మెడిసిన్‌లో పనిచేసి రిటైరయ్యారు, నీ డేటా చూస్తారు" అని. ల్యాప్‌టాప్‌లో గ్రాఫులు కూడా గీసి పెట్టుకున్నాను. సార్ ల్యాప్‌టాప్ తెరవనివ్వలేదు. కాగితాలన్నీ డైనింగ్ టేబుల్ మీద పరిచి, పెన్సిల్ పట్టుకొని ఏడో ప్రశ్న దగ్గర మాత్రం లెక్కపెట్టుకుంటూ పోయారు. నిమిషాల గడిలో సున్నా సున్నా ఎన్ని, 30 ఎన్ని. ఆ రెండూ కాకుండా మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి.

"ఈ టైములు ఎవరు చెప్పారమ్మా?"

"పేషెంట్లే సార్."

"వాళ్లు చెప్పారా, నువ్వు అడిగితే ఒప్పుకున్నారా?"

నా దగ్గర జవాబు లేదు. నేను అడిగిన తీరు గుర్తొచ్చింది. "ఆరున్నర అయిందా అప్పటికి?" అంటే "ఆ, గంతే అయితది మేడం" అనేవాళ్లు. నేను ఆరున్నర రాసుకునేదాన్ని. చెమటలు పట్టి, కాలు వాచి, బతుకుతానో లేదో అని టెన్షన్‌లో ఉన్న మనిషి డాక్టర్ నోట్లోంచి వచ్చిన ఏ అంకెకైనా తల ఊపుతాడు.

ఆ సాయంత్రమే సార్ నాతో వార్డుకు వచ్చారు. తాడ్వాయి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మంచం పక్కన స్టూలు లాక్కొని కూర్చున్నారు. కాలు ఎట్లా ఉందని అడిగి, మక్క చేను సంగతి మాట్లాడి, ఆ తర్వాత అడిగారు.

"కరిచినప్పుడు పొద్దు గూకిందా?"

"ఇంకా గూకలే సారూ. బర్లు ఇంటికొచ్చే యాళ్ల."

"బర్లను ఎవరు తోలుకొస్తరు?"

"మా మనుమడు. బడి కాంచి వచ్చి, బువ్వ తిని పోతడు."

"మరి అంబులెన్సుకు ఎవరు ఫోన్ చేసిన్రు?"

మనుమడే చేశాడట. పిల్లాడు మంచం కాళ్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. సార్ ఫోన్ చూపించమన్నారు. అందులో 108కి చేసిన కాల్ ఉంది, నిమిషంతో సహా. దానికి ముందు వాళ్ల మామకు చేసిన కాల్ ఉంది. కరిచాక తాత కేక వేయడం, తను ఉరికిరావడం, మొదట మామకు చేయడం, మామ వచ్చి బండి మీద పక్క ఊరికి మంత్రగాడి దగ్గరికి తీసుకుపోవడం, అక్కడి నుంచి 108కి చేయడం, అంతా ఆ పిల్లాడు వరసగా చెప్పాడు. నా ఫారంలో "ఆరు గంటల సున్నా నిమిషాలు" అని ఉన్న మనిషి కథ ఇది. నేను రాసుకున్న సమయానికీ ఫోన్ చూస్తూ లెక్కగట్టిన సమయానికీ మధ్య ముప్పావు గంటకు పైనే తేడా వచ్చింది. నా అధ్యయనం మొత్తం సమయం మీదే నిలబడి ఉంటే, దాని పునాది ఇట్లా ఉంది.

ఆ రాత్రి ఫారం మార్చాం. ఏడో ప్రశ్న కింద మూడు గీతలు వచ్చాయి. పేషెంట్ అన్న మాట ఉన్నదున్నట్టు రాయాలి. దాన్ని గంటల్లోకి మార్చడానికి ఏ ఆనవాలు పట్టుకున్నామో రాయాలి: ఫోన్, బడి గంట, నైట్ హాల్ట్ బస్సు, మసీదులో నమాజు, టీవీలో సీరియల్. ఆ ఆనవాలు ఎంత గట్టిదో ఒక గుర్తు పెట్టాలి. జనం చెప్పే అంకెలు ఇట్లా సున్నాల దగ్గర, ముప్పైల దగ్గర పోగుపడటాన్ని డిజిట్ ప్రిఫరెన్స్ అంటారు. నేను ఆ మాట చదివే ఉన్నాను. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)కి చెందిన చెన్నై ఎన్ఐఈ సంస్థ, స్వయం అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక మీద నడిపే బయోమెడికల్ రీసెర్చ్ బేసిక్ కోర్సు పూర్తి చేసి, పరీక్ష రాసి, సర్టిఫికెట్ తీసుకున్నాను. పాఠాలు నిజంగా బాగుంటాయి, ఎవరినైనా శ్రద్ధగా వినమనే చెప్తాను. కానీ నా చేతిరాతతో నింపిన 40 ఫారాల్లో ఆ జబ్బు ఉందని గుర్తుపట్టడానికి పక్కన ఒక మనిషి కూర్చోవాల్సి వచ్చింది.

పీజీలో థీసిస్ రాయలేదా అంటే, రాశాను. ఎక్కడ అన్నది వదిలేద్దాం. గైడ్‌గా ఉన్నవాళ్లకు ఓపీ, రౌండ్లు, పరీక్షలు, తనిఖీలు ఊపిరాడనిచ్చేవి కావు. మూడేళ్లలో నా మాస్టర్ చార్ట్‌ను, అంటే పేషెంట్లందరి వివరాలూ ఎక్కించిన పట్టికను, ఎవరూ తెరిచి చూడలేదు. బైండింగ్ అయ్యాక సంతకాలు అయ్యాయి. థీసిస్ పూర్తయిందన్న సంతోషం ఉంది గానీ, అందులో ఏది తప్పో ఏది ఒప్పో చెప్పగలిగినవాళ్లు అప్పుడు ఎవరూ లేరు. నాతో చదివినవాళ్లలో చాలామందిది ఇదే అనుభవం. రీసెర్చ్ అంటే వాళ్లకు ఇప్పటికీ భయమో, విసుగో. తెలివి తక్కువై కాదు. మొదటిసారి చేస్తున్నప్పుడు ఎవరూ పక్కన లేకపోవడమే కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

శనివారాలు రెండింటికి సార్ ఇంటికి పోవడం అలవాటైంది. నియమం ఒక్కటే: ఆ వారం నింపిన ఫారాలన్నీ తేవాలి, తేకపోతే రావద్దు. నాలుగింటికి అమ్మ, అంటే సార్ భార్య, చాయ్ తెస్తారు. ఒక్కోసారి సర్వపిండి కూడా.

అధ్యయనంలో చేరడానికి పేషెంట్లు సంతకం పెట్టే అనుమతి పత్రం మీదే మూడు శనివారాలు పోయాయి. పరిశోధనలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి ఇచ్చిన నా తెలుగు పత్రంలో "ఈ అధ్యయనంలో మీరు స్వచ్ఛందంగా పాల్గొనుచున్నారు", "మీ వివరముల గోప్యత కాపాడబడును" లాంటి వాక్యాలుండేవి. కమిటీ దానికి అభ్యంతరం చెప్పలేదు. సార్ మాత్రం, దీన్ని మీ వార్డు ఆయమ్మకు చదివి వినిపించి, ఏం అర్థమైందో ఆమె మాటల్లోనే రాసుకొని రమ్మన్నారు. వినిపించాను. ఆమె అంతా విని, "సంతకం పెడితేనే మందేస్తరని కదా?" అంది. నాకు నిజంగా భయం వేసింది. అప్పటిదాకా సంతకం పెట్టినవాళ్లలో ఎంతమంది అదే అనుకొని పెట్టారో!

కొత్తది రాసుకొని మళ్లీ కమిటీ అనుమతి తెచ్చాం. దాని మొదటి వాక్యం: "మీరు వద్దన్నా మీ వైద్యం ఆగదు, మందు తగ్గదు." రెండోది: "పాము కరిచినప్పటి నుంచి ఇక్కడికి వచ్చేదాకా ఏం జరిగిందో మేము అడిగి రాసుకుంటాం." మూడోది: "మీ పేరు బయట ఎక్కడా చెప్పం." చదువు రానివాళ్లకు, మా పనితో సంబంధం లేని ఒక మనిషిని సాక్షిగా కూర్చోబెట్టి, మొత్తం చదివి వినిపించి, ఆ తర్వాతే వేలిముద్ర. ఇంకొక మార్పు కూడా సార్ చేయించారు. మంత్రగాడి దగ్గరికి పోయారా అని అడిగేటప్పుడు గొంతులో తప్పుపట్టడం ఉండకూడదు. "ఇక్కడికి రాకముందు ఇంకెక్కడెక్కడ చూపించుకున్నరు?" అని అడగాలి. అట్లా అడగడం మొదలుపెట్టాక, అంతకుముందు ఎక్కడా ఆగలేదని చెప్పిన ఒకాయన మూడు చోట్ల ఆగినట్టు చెప్పాడు.

రెండు నెలలయ్యాక ఇంకో దెబ్బ తగిలింది. రక్తపింజర కాటుకు రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. దాన్ని పట్టుకోవడానికి మంచం పక్కనే చేసే ఒక సులువైన పరీక్ష ఉంది. రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కొత్తదీ శుభ్రమైనదీ పొడిగా ఉన్నదీ అయిన గాజు ట్యూబులో పోసి, 20 నిమిషాలు కదిలించకుండా ఉంచి, అప్పుడు ఒకసారి వంచి చూడాలి. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే విషం పనిచేస్తోందని. ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు, కానీ ట్యూబు గాజుదే కావాలి. రక్తం గడ్డకట్టే క్రమాన్ని మొదలుపెట్టేది ఆ గాజు తాకిడే. ప్లాస్టిక్‌లో అయితే మంచి రక్తం కూడా సమయానికి గడ్డకట్టకపోవచ్చు. సబ్బుతో కడిగి మళ్లీ వాడిన ట్యూబుతోనూ అదే చిక్కు.

"ట్యూబు ఏది వాడుతున్నారు?" అని సార్ అడిగారు. గాజుదే అయి ఉంటుందన్నాను. "అయి ఉంటుందా?" అని ఆగిపోయారు. రాత్రి పోయి చూశాను. గాజువి అయిపోయిన రోజుల్లో చేతికి దొరికిన ప్లాస్టిక్ ట్యూబులో చేస్తున్నారు. సిస్టర్లు ఏదీ దాచలేదు, అడగగానే చెప్పారు. అడగనిది నేను. ఫారంలో ఆ గడే పెట్టలేదు. ఏ పేషెంట్‌కు ఏ ట్యూబు వాడారో ఇప్పుడిక తెలుసుకునే దారి లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటిదాకా పడ్డ కష్టం అంతా పోయిందనుకున్నాను. మనసులో ఒక మూల, ఎక్కువ రోజులు గాజువే వాడారు కదా, అన్నీ గాజువే అనుకుంటే ఏం పోతుంది అన్న ఆలోచన కూడా వచ్చింది. దాచడం ఎందుకు, వచ్చింది.

శనివారం ఆ మాట కూడా సార్‌కు చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. ఫారాలను రెండు కట్టలు చేయించారు. సమయం ప్రశ్నకు పాత ఫారాలు ఎంతవరకు పనికొస్తాయో విడిగా చూడాలి. రక్తం పరీక్ష ప్రశ్నకు, ట్యూబు సంగతి తెలియనివి పనికిరావు, తీసెయ్యాలి. ఎన్ని తీసేశామో, ఎందుకు తీసేశామో పేపర్లో రాయాలి. "నువ్వు రాస్తే చదివినవాళ్లు వాళ్ల క్యాజువాల్టీలో ట్యూబు చూసుకుంటారు," అన్నారు. నా తప్పు ఇంకొకరికి పనికొచ్చే సమాచారం అవుతుందని అంతకుముందు ఎవరూ నాకు చెప్పలేదు. ఇప్పుడు మా దగ్గర గాజు ట్యూబుల డబ్బా ఏఎస్‌వీ పక్కనే ఉంటుంది, పైన "పాము కాటుకే" అని తెలుగులో రాసి అంటించాం.

ఈ విషయాలు మాట్లాడుకుంటున్న ఒక రోజు రోనాల్డ్ రాస్ సంగతి వచ్చింది. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం హైదరాబాద్ పోయినవాళ్లకు తెలిసే ఉంటుంది. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన చూసింది సికింద్రాబాద్‌లోనే. అంతకు మూడేళ్ల ముందు లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టర్ పక్కన కూర్చోబెట్టుకొని రక్తంలో మలేరియా క్రిమిని చూపించేదాకా, అసలు అటువంటిది ఉందంటేనే రాస్‌కు నమ్మకం లేదు. ఇండియాకు వచ్చాక కూడా ఇద్దరి మధ్య ఉత్తరాలు నడుస్తూనే ఉన్నాయి. ఓడలో పోయి ఓడలో వచ్చే ఉత్తరాలు. సార్‌కు ఈ కథ చాలా ఇష్టం. అయితే కథలో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి పేరు మర్చిపోవద్దంటారు. తనను కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున తీసుకున్న మనిషి. ఆయనకు ఆ రోజు ఏం చెప్పి ఒప్పించారో అడగమని మా హౌస్ సర్జన్లకు కూడా చెప్తుంటారు.

ఇట్లా పక్కన కూర్చోబెట్టుకొని నేర్పడాన్ని ఒక పద్ధతిగా పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. 2009లో క్షయ, ఊపిరితిత్తుల జబ్బుల మీద పనిచేసే యూనియన్, వైద్య సహాయం చేసే ఎంఎస్‌ఎఫ్ అనే అంతర్జాతీయ సంస్థలు కలిసి మొదలుపెట్టిన ఆపరేషనల్ రీసెర్చ్ (రోజువారీ వైద్య సేవల మీద చేసే పరిశోధన) శిక్షణే తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున సార్టిట్ అన్న పేరుతో చాలా దేశాలకు పోయింది. మొదటి విడతలో ప్రోటోకాల్ (పరిశోధన ఎట్లా చేయాలో రాసుకోవడం), రెండో విడతలో డేటా, మూడో విడతలో పేపర్ రాయడం. ప్రతి ఒక్కరికీ మెంటార్లుంటారు. గడువులోగా ఆ విడత పని పూర్తి చేయకపోతే తర్వాతి విడతకు రానివ్వరు. మూడో విడత అయిన నాలుగు వారాల్లో పేపర్‌ను జర్నల్‌కు పంపాల్సిందే. "ఫారాలు తేకపోతే రావద్దు" అన్న మా సార్ మాట ఎక్కడి నుంచి వచ్చిందో అది చదివాక అర్థమైంది. ఎంబీబీఎస్ పిల్లలకు ఐసీఎంఆర్ 1979 నుంచే రెండు నెలల స్టూడెంట్‌షిప్ నడుపుతోంది, గైడ్ దగ్గర ఒక చిన్న ప్రాజెక్టు చేయాలి. అమెరికాలో ఎన్ఐహెచ్ అనే ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఇచ్చే కే23 అనే అవార్డుకైతే మెంటార్ ఎవరో, ఏం నేర్పుతారో దరఖాస్తులోనే రాయాలి. అది వచ్చిన డాక్టర్ పనివేళల్లో సాధారణంగా కనీసం 75 శాతం రీసెర్చ్‌కే కేటాయించాలి.

75 శాతం! నాకు దొరికేది శనివారం మధ్యాహ్నం రెండు గంటలు, డ్యూటీలు మార్చుకుంటే ఇంకొంచెం. మన ఆసుపత్రుల్లో ఉన్న రద్దీకి 75 శాతం అడిగేంత ధైర్యం నాకు లేదు, అడగడం న్యాయమూ కాదు. కానీ ఆ రెండు గంటలైనా డ్యూటీ చార్టులో పేరు పెట్టి రాసి ఉండాలని అడుగుతాను. నాకే కాదు, నేర్పేవాళ్లకు కూడా. సార్ రిటైరయ్యారు కాబట్టి నాకు సమయం ఇవ్వగలుగుతున్నారు. సర్వీసులో ఉన్న ప్రొఫెసర్ ఒక జూనియర్ ఫారాలు కూర్చొని చూస్తే ఆ గంటలు ఏ రిజిస్టర్లోనూ ఎక్కవు. పేపర్ వస్తే ప్రమోషన్‌కు లెక్కకు వస్తుంది గానీ, ఇంకొకరి డేటా చూడటం దేనికీ లెక్కకు రాదు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

సార్‌కు కూడా అన్నీ తెలియవు. లెక్కల దగ్గర ఆగిపోయి, తన పాత విద్యార్థి, ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉన్న స్టాటిస్టిక్స్ ఆయనకు ఫోన్ చేయించారు. డేటాను ఇద్దరం విడివిడిగా ఎక్కించి తేడాలు పట్టుకోవాలని చెప్పింది ఆయనే. ఎపిడేటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ పని చేశాం. వాట్సాప్‌లో "మూడు రోజుల్లో పబ్లిష్ చేస్తాం, ఫీజు ఇంత" అని వచ్చే మెసేజీలను సార్ తీసెయ్యమన్నారు, తీసేశాను.

పేపర్‌ను ఒక జర్నల్‌కు పంపాం. పోయిన వారం, జర్నల్ తరఫున పేపర్‌ను పరిశీలించే ఇద్దరు రివ్యూయర్ల ప్రశ్నలు వచ్చాయి. మొదటాయన అడిగినవి చిన్న సవరణలు. రెండో రివ్యూయర్ మొదటి ప్రశ్నే ఇది: చేతికి గడియారం లేని రైతుల దగ్గర కరిచిన సమయాన్ని మీరు ఎట్లా నిర్ధారించారు? ఆయన ఎవరో, ఎక్కడ ఉంటారో తెలియదు గానీ, సార్ పెన్సిల్‌తో లెక్కపెట్టిన చోటికే నేరుగా వచ్చారు. ఫోన్లో చదివి వినిపించాను. సార్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఆ మూడు గీతల సంగతి మొత్తం రాయమన్నారు, ఉదాహరణగా తాడ్వాయి పెద్దాయన మాట పెట్టమన్నారు.

పెట్టాను. "బర్లు ఇంటికొచ్చే యాళ్ల" అన్నదాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చడం దగ్గర ఆగిపోయాం. నేను రాసిన వాక్యంలో సాయంత్రం ఉంది గానీ, బడి నుంచి వచ్చి బువ్వ తిని బర్ల కోసం పోయిన పిల్లాడు లేడు. సమయం లెక్కగట్టింది ఆ పిల్లాడిని పట్టుకునే కదా అంటారు సార్. ఈ శనివారం రెండింటికి దాని మీదే కూర్చుంటాం.